నా ఊపిరిని బట్టి నడిచిన మిషను

ఆస్పత్రుల్లో టెక్నీషియన్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను కలిసి, "మీ సర్వీసులో గొప్ప కేసు ఏదైనా చెప్పండి అంకుల్" అంటారు. నేను ఎవరి ప్రాణమూ కాపాడలేదు నాయనా. ఊపిరితిత్తుల పరీక్ష గదిలో కూర్చుని, వచ్చినవాళ్ల చేత గొట్టంలోకి ఊదించి, కాగితం చింపి డాక్టరు చేతికి ఇచ్చాను. ఉద్యోగమంతా అదే పని. అందులో చెప్పుకోదగ్గది ఒక్కటుంది. ఢిల్లీలో ఒక పెద్ద ప్రభుత్వాస్పత్రిలో, కొంతకాలం పాటు, ఎవరు ఆరోగ్యవంతులో ఎవరు కాదో నా ఛాతీ నిర్ణయించింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు, ఛాతీకి కూడా.

తొంభైల నడిమి కాలం అది. మెట్రో అన్న మాట ఇంకా కాగితాల మీదే ఉంది. మా గది కింది అంతస్తులో, రింగ్ రోడ్డు వైపు. కిటికీ తెరిస్తే బస్సుల హారన్లూ పొగా కలిసి లోపలికి వచ్చేవి, మూస్తే పొగ ఒక్కటే వచ్చేది. అందుకని మూసే ఉంచేవాళ్లం. సాయంత్రం టేబులు మీద వేలితో పేరు రాసుకోవచ్చు. పొద్దున్నే తుడిచిన టేబులే అది.

నేను భీమిలి అవతల ఒక సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చినవాణ్ని. కుర్రతనంలో చెడుగుడు ఆడేవాణ్ని. కూత పట్టానంటే అవతలి జట్టు విసుగెత్తి కూర్చునేది. సైన్యంలో వైద్య సహాయకుడిగా పనిచేసి, ఢిల్లీ కంటోన్మెంటులో ఉండగానే అక్కడి కొలువు ముగించుకుని ఈ ఆస్పత్రిలో చేరాను. ఇల్లు ఢిల్లీ పొలిమేర అవతల, వైశాలిలో. అప్పుడే ఇళ్లు లేస్తున్నాయి అక్కడ. ఎటు చూసినా ఇటుకలు, సిమెంటు, ఇసుక గుట్టలు. గాలి వీస్తే సగం కట్టిన ఇళ్లన్నీ మన ఇంట్లోకి వచ్చేవి.

ఇక మిషను సంగతి. గుండెల నిండా గాలి పీల్చి గొట్టంలోకి గట్టిగా ఊదితే, సూది కాగితం మీద గీత గీస్తుంది. మనిషి వయసూ ఎత్తూ బట్టి గీత ఎంత ఎత్తుకు పోవాలో గోడ మీద పట్టిక ఉండేది. అక్కడిదాకా పోతే మంచిది, పోకపోతే జబ్బు. అంతే శాస్త్రం. అయితే మిషను సరిగ్గా ఉందో లేదో రోజూ చూసుకోవాలి. అందుకో పెద్ద సిరంజి ఉండేది, సైకిలు పంపులాంటిది. అందులో ఎంత గాలి పడుతుందో ముందే తెలుసు. దాన్ని మిషనులోకి తోస్తే సూది అంతే చూపించాలి. ఆ సిరంజి వాషరు పోయింది. కొత్తది కావాలని రాశాం. ఫైలు కదిలిందన్నారు. ఎటు కదిలిందో చెప్పలేదు.

అప్పుడు మా పెద్ద డాక్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయన పంజాబీ, నిష్ఠాపరుడు. టీ కూడా ముట్టేవారు కాదు, గోరువెచ్చని నీళ్లలో నిమ్మకాయ పిండుకుని తాగేవారు. "సిరంజిలో గాలి ఎంతో మనకు తెలుసు. నీలో గాలి ఎంతో కూడా తెలుసు కదా" అన్నారు నాతో. తెలుసు. సిరంజి బాగున్న రోజుల్లో సరదాకి ఊదాను, నా గీత పట్టిక చెప్పినదానికంటే పైకి పోయింది. సిగరెట్టు లేదు, బీడీ లేదు, చుక్క లేదు. గోడ మీద ఎర్ర పెన్సిలుతో నా గీత ఎత్తున గుర్తు పెట్టారు. రోజూ పొద్దున మొదట ఊదేది నేనే. సూది ఎర్ర గుర్తును తాకితే మిషను బాగున్నట్టు. ఈ పద్ధతి చాలాచోట్ల ఉన్నదే. కాకపోతే సిరంజికి తోడుగా పెట్టుకుంటారు, సిరంజికి బదులుగా కాదు.

సెక్షన్లో నాకు "స్టాండర్డ్ సాబ్" అని పేరు పడింది. నిజం చెప్పాలంటే నాకు గర్వంగానే ఉండేది. ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెప్పాను. "ఊదడానికి జీతమిస్తున్నారా?" అంది.

దీపావళి వెళ్లిన తర్వాత ఒక ఉదయం సూది ఎర్ర గుర్తుకు కాస్త కింద ఆగింది. మళ్లీ ఊదాను. అక్కడే ఆగింది. డాక్టరుగారు వచ్చి నన్ను చూశారు, మిషన్ను చూశారు. ఇద్దరిలో ఎవరు చెడిపోయారో ఆయనకు అనుమానం రాలేదు. నేను సిగరెట్టు తాగను కదా. "మెషీన్ బూఢీ హో గయీ" అన్నారు, మిషను ముసలిదైపోయిందని. మిషను వెనక చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పితే సూది పైకి లేస్తుంది. నేను ఊదుతుంటే ఆయన తిప్పారు. సూది ఎర్ర గుర్తును తాకింది. మిషను బాగుపడింది.

పుష్యమాసం పొగమంచులో మళ్లీ తిప్పాం. ఎండాకాలంలో నేను గదికి తాళం వేసి, నెల రోజులు సెలవు పెట్టి ఊరెళ్లి వచ్చేసరికి సూది ఎర్ర గుర్తును దాటి పోయింది. "చూశావా, నెల రోజులు విశ్రాంతి దొరికేసరికి మిషను కోలుకుంది" అన్నారు డాక్టరుగారు, స్క్రూ కొంచెం వెనక్కి తిప్పుతూ. ఆ తర్వాత కొన్ని వారాలు మా గదికి వచ్చినవాళ్లలో చాలామందికి జబ్బు తేలింది. వేడిగాలులు, దుమ్ము అని రాశారాయన. నేను సెలవు మీద వెళ్లి వస్తే ఢిల్లీ జనం ఆరోగ్యం పాడయ్యేదన్న మాట. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మేమిద్దరం చాలా గంభీరంగా వర్షాల కోసం ఎదురుచూశాం.

డాక్టరుగారి దృష్టిలో ప్రతి జబ్బు వెనకా ఒక చెడ్డ అలవాటు ఉంటుంది. అది దొరికేదాకా ఆయన రోగిని వదిలేవారు కాదు. "లైఫ్ స్టైల్" అన్న మాట అప్పుడప్పుడే పత్రికల్లో పడుతోంది, మా గదిలో అంతకు ముందునుంచే ఉంది. నాకు దగ్గు మొదలైనప్పుడు నా అలవాట్లూ వెతికారు. ఏదీ దొరక్క, తెల్లవారుజామున పరుగెత్తమన్నారు. స్టాండర్డు దిగజారకూడదు కదా. నేను వైశాలి నుంచి హైవే పక్కనే పరుగెత్తేవాణ్ని, చలికాలంలో, లారీల వెనక. దగ్గు ఎక్కువైతే ఇంకా దూరం పరుగెత్తమనేవారు. ఎక్కువ పరుగెత్తితే దగ్గు ఇంకా ఎక్కువయ్యేది. ఆయన మాట మీద గౌరవంతో నేనెప్పుడూ మానలేదు.

ఆ రోజుల్లోనే వచ్చాడు ట్రాఫిక్ హవల్దారు. మా ఆస్పత్రికి కూతవేటు దూరంలో ఉన్న పెద్ద చౌరస్తాలో అతని డ్యూటీ. హర్యానా మనిషి, ఒకప్పుడు కుస్తీలు పట్టినవాడు, గుమ్మంలో నిలబడితే గదికి వెలుతురు ఉండేది కాదు. అలాంటి మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి గాలి వెతుక్కునేవాడు. పడుకుంటే ఊపిరి ఆడదని గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోతున్నాడట. కోరిక ఒక్కటే: ఆ చౌరస్తా నుంచి తప్పించి, ఎక్కడైనా నాలుగు గోడల మధ్య కుర్చీ ఇప్పించాలి. అందుకు మా కాగితం కావాలి.

"బీడీ?" అడిగారు డాక్టరుగారు.

"లేదు సాబ్."

"మందు?"

"పహిల్వాన్ని సాబ్. ముట్టను."

"పరాఠాలు?"

హవల్దారు కాసేపు ఆలోచించాడు. "తింటాను."

డాక్టరుగారు తృప్తిగా తల ఊపారు. "ఇంకేం అలవాట్లున్నాయి?"

"అలవాట్లేం లేవు సాబ్. డ్యూటీ ఉంది."

ఊదించాను. సూది పట్టిక చెప్పిన చోటికి చక్కగా వెళ్లింది. నార్మల్. నెయ్యి తగ్గించి పొద్దున్నే నడవమని చెప్పి పంపారు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు, ఈసారి చెమటలు కక్కుతూ. మళ్లీ నార్మల్. జేబులోంచి రుమాలు తీసి నా టేబులు మీద పరిచాడు. ఆ ఒక్క పూట ముక్కుకు కట్టుకున్నదే, నల్లగా ఉంది. "భాయిసాబ్, ఇదెక్కడ నార్మల్?" అన్నాడు. నాకు అతని మీద జాలి ఉండేది, నమ్మకం మాత్రం ఉండేది కాదు. కాగితం ఎదురుగా ఉంది మరి. అదీగాక, నేనూ అతనిలాగే దగ్గుతున్నాను, నేను నార్మలే కదా.

ఆ రెండు కాగితాలూ అతని పై అధికారుల దగ్గరికి వెళ్లాయి. కామ్‌చోర్ అన్నారు. పని ఎగ్గొట్టడానికి దొంగ జబ్బు చెబుతున్నాడని మెడికల్ బోర్డు వేశారు. బోర్డు కూడా బాగున్నాడంటే శిక్ష ఖాయం, ఆ తర్వాత మళ్లీ అదే చౌరస్తా. అతను ఇంకో చలికాలం ఆ చౌరస్తాలో నిలబడి బతికేవాడు కాదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు అతనికి మాత్రమే తెలుసు.

జనవరిలో ఒక రోజు బోర్డు మా గదిలోనే కూర్చుంది. కిటికీలోంచి రోడ్డు అవతలి స్తంభం కూడా కనబడడం లేదు. ఆ వారమే మా అత్తగారు ఊరి నుంచి వచ్చింది. మోకాళ్ల నొప్పులు. ఎముకల డాక్టరుకు చూపిద్దామని నాతో తీసుకొచ్చి, అక్కడ పిలిచేదాకా మా గదిలో బెంచీ మీద కూర్చోబెట్టాను. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మిన మనిషి ఆవిడ. వీధి మొదట్లో కేకేస్తే చివరి ఇంటివాళ్లు గిన్నె పట్టుకుని బయటికి వచ్చేవారు. అరవై దాటాయి. ఢిల్లీలో దిగినప్పటి నుంచీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉంది.

బోర్డు ఛైర్మన్ వేరే ఆస్పత్రి నుంచి వచ్చిన పెద్దాయన, కళ్లజోడు మీంచి చూస్తారు. ఆయన పక్కన చిన్న వయసు డాక్టరమ్మ. హవల్దారు యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఊదే ముందు మిషనుకు దణ్ణం పెట్టాడు. ఊదాడు. ఊదిన తర్వాత బల్ల పట్టుకుని చాలాసేపు దగ్గాడు. సూది మాత్రం వెళ్లాల్సిన చోటికి వెళ్లింది.

"నార్మల్" అన్నారు ఛైర్మన్. కలం తీశారు.

"మెషీన్ ఝూట్ బోల్తీ హై, సాబ్" అన్నాడు హవల్దారు, మిషను అబద్ధమాడుతోందని. గట్టిగా కూడా అనలేదు, అనడానికి గాలి లేదు.

మా డాక్టరుగారికి కోపం వచ్చింది. మిషను నిజాయితీ అంటే ఆయన నిజాయితీ. "స్టాండర్డ్ సాబ్, ఊది చూపించు" అన్నారు. ఊదాను. సూది పోయి ఎర్ర గుర్తును తాకింది. ఛైర్మన్ తల ఊపి, కలం కాగితం మీద పెట్టారు.

అప్పుడు బెంచీ మీంచి మా అత్తగారు లేచింది.

"ఏటి బాబూ ఇది? బూరేటి? నాను గూడా ఊదనా?"

"ఊరుకో అత్తా, పెద్దవాళ్లున్నారు."

"పెద్దోలుంటే ఏటి? మోకాలు డాట్రు ఎప్పుడు పిలుత్తాడో ఏటో. ఊరికినే కూకున్నాను గదా."

ఛైర్మన్‌కు తెలుగు రాదు. విషయం మాత్రం అర్థమైంది. నవ్వి, "మాతాజీకి కూడా ఇవ్వండి" అన్నారు. మా డాక్టరుగారి ముఖం చూస్తే అభ్యంతరం ఉన్నట్టే ఉంది గానీ ఛైర్మన్ మాట కాదనలేకపోయారు. నేను గొట్టం మార్చి, ఎలా ఊదాలో చెప్పాను. "గంప కాడ కేకేసినట్టే గదా" అని ఊదింది.

సూది ఆమె వయసుకు ఉండాల్సిన గుర్తును దాటింది. దాటి ఆగలేదు. పాతికేళ్ల క్రీడాకారిణికి రావలసిన చోట ఆగింది. ఛైర్మన్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "ఫిర్ సే" అన్నారు. మళ్లీ ఊదింది. ఈసారి అలవాటు పడింది కాబట్టి ఇంకొంచెం పైకి.

"సెడిపోనాదేటి బాబూ?" అంది నాతో, గొట్టం జాగ్రత్తగా కింద పెడుతూ.

డాక్టరమ్మ మెల్లగా ముందుకు వచ్చి, "నేనూ చూస్తాను సర్" అని ఊదింది. పట్టికలో ఆమెకు రాసిపెట్టిన చోటికి సూది ఖచ్చితంగా వెళ్లింది. ఆమె ఆ కాగితాన్ని సంతోషంగా కాక భయంగా చూసుకుంది. "సర్, నాకు చిన్నప్పటినుంచీ ఆస్తమా. ఇంత ఎప్పుడూ రాలేదు."

ఛైర్మన్ కలం మూత పెట్టేశారు. "మిషను రోజూ చెక్ చేస్తున్నారా?"

"రోజూ సర్. ఒక్కరోజు కూడా తప్పలేదు" అన్నారు మా డాక్టరుగారు.

"దేనితో?"

"ఇతనితో."

గదిలో అందరూ నావైపు తిరిగారు. మా అత్తగారు కూడా తిరిగింది, ఎందుకో తెలియకపోయినా. సరిగ్గా అప్పుడే నాకు దగ్గొచ్చింది. ఆపుకుందామని చూశాను, ఆగలేదు. నేను దగ్గడం అయ్యేదాకా అందరూ మర్యాదగా ఎదురుచూశారు.

సిరంజి తెప్పించారు. ఎక్కణ్నుంచో కాదు, పక్క బిల్డింగులో మత్తుమందు విభాగం నుంచి. అలాంటిది అక్కడ ఎప్పటినుంచో ఉందట. మేము అడగలేదు, కొత్తదాని ఫైలు నడుస్తోంది కదా అని. సిరంజి తోస్తే సూది, ఉన్నదానికంటే చాలా ఎక్కువ చూపించింది. మా డాక్టరుగారు స్వయంగా స్క్రూ వెనక్కి తిప్పారు. ఎన్నిసార్లు తిప్పారో నేను లెక్కపెట్టలేదు.

మళ్లీ అందరం ఊదాం. మా అత్తగారి గీత దిగివచ్చి, ఆమె వయసు గుర్తు పైనే నిలిచింది. డాక్టరమ్మ గీత ఆమెకు అలవాటైన చోటికి దిగింది. ఆవిడ ఊపిరి పీల్చుకుంది, ఉన్నంతలో. హవల్దారు గీత సగం దారిలోనే పడిపోయింది. పడిపోయిన ఆ గీతను చూసి అతను చిన్నపిల్లాడిలా నవ్వాడు. తన జబ్బు కాగితం మీద కనబడితే అంత ఆనందించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. కళ్లు తుడుచుకుంటూ, "దేఖా సాబ్? దేఖా?" అంటున్నాడు.

చివర నేను. నా గీత ఎర్ర గుర్తు దరిదాపుల్లోకి కూడా పోలేదు. ఛైర్మన్ నా కాగితం, హవల్దారు కాగితం పక్కపక్కన పెట్టి చూశారు. అతనికంటే నేను కాస్త నయం, అంతే.

"అతను చౌరస్తాలో నిలబడతాడు. నువ్వెక్కడ నిలబడతావు?" అన్నారు.

"కూర్చుంటాను సర్. ఇక్కడే."

ఆయన కిటికీ వైపు చూశారు. అది మూసే ఉంది.

నాకు ఆ రోజు నిజంగా భయం వేసింది. జబ్బు ఉన్నందుకు కాదు, అది అన్నాళ్లూ నాలో ఉండి కూడా రోజూ పొద్దున్నే నా చేతే బాగున్నానని చెప్పించినందుకు. బస్సులో వస్తుంటే మా అత్తగారు కొంగు చాటునుంచి అడిగింది, "ఆ మిసను నిన్ను సూసి నేర్సుకున్నాదంట గదా బాబూ? మరి నిన్ను సూసీవోడెవుడు?" మోకాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆ హడావుడిలో మరిచేపోయామని అప్పుడు గుర్తొచ్చింది.

మా డాక్టరుగారిని తక్కువ చెయ్యను. ఆయన మరుసటి రోజు నుంచీ పాత కాగితాలు ముందేసుకుని, నార్మల్ అని పంపేసిన వాళ్లందరికీ కబురు పెట్టారు. రానివాళ్ల కోసం మళ్లీ మళ్లీ పెట్టారు. వచ్చినవాళ్లకు తప్పు మాదేనని ఎదురుగా చెప్పారు. నాకు పీల్చే మందు రాసిచ్చారు. తెల్లవారుజామున పరుగు మానెయ్యమన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు. అలవాట్ల గురించి అడగడం మాత్రం మానలేదు, కానీ ఆ ప్రశ్నల్లో కొత్తది ఒకటి చేరింది: "ఏ రోడ్డు మీద?"

హవల్దారుకు ఊరి చివర ట్రైనింగ్ స్కూల్లో సామాన్ల గది అప్పగించారు. చుట్టూ పొలాలేనట. ఎండలు ముదరకముందే ఒక రోజు లడ్డూల డబ్బా పట్టుకుని వచ్చాడు. మధ్యలో ఆగకుండా మాట్లాడుతున్నాడు. పడుకునే నిద్రపోతున్నానని చెప్పాడు, మిఠాయి కంటే ముందు ఆ మాటే చెప్పాడు. అతని వెనకాల ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు, కొత్త యూనిఫాంలో. రాజస్థాన్ వైపువాడు, గట్టి మనిషి.

"ఈయన నా చౌరస్తాకు వచ్చాడు భాయిసాబ్. డ్యూటీలో చేరాలంటే ఫిట్‌నెస్ కాగితం కావాలట" అన్నాడు హవల్దారు. అని నా కళ్లలోకి చూడకుండా లడ్డూల డబ్బా మూత తీసే పనిలో పడ్డాడు.

సిరంజితో మిషను చూసుకుని ఊదించాను. గీత పట్టికను దాటి హాయిగా పైకి పోయింది. మా గదిలో చాలా కాలంగా అంత మంచి గీత పడలేదు. కాగితం చింపి డాక్టరుగారికి ఇచ్చాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు. రాయక తప్పదు కనుక 'ఫిట్' అని రాశారు. ఆ రోజుకి అది నిజమే. కాగితం మాత్రం వెంటనే అతని చేతికి ఇవ్వలేదు.

"నెలకోసారి వచ్చి నువ్విక్కడ ఊదాలి" అన్నారు.

కొత్తవాడు నావైపు, హవల్దారు వైపు, మళ్లీ డాక్టరుగారి వైపు చూశాడు.

"ఎందుకు సాబ్? నాకేం జబ్బు లేదు కదా?"

"అందుకే" అన్నారు డాక్టరుగారు.